యంత్రమునకు జ్ఞాపకము: జాన్ వాన్ న్యూమన్ జీవితము

విద్యార్థులారా! గత సంవత్సరము మన పాఠశాల పత్రిక పదిదినములు ఆలస్యముగా మీ చేతికి వచ్చినది. కారణమును అప్పుడు మేము వ్రాయలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాము.

మన పాఠశాలలో ఒక దాత ఇచ్చిన కంప్యూటరొకటి కలదు. మీరు వ్రాసియిచ్చిన కథలను, పద్యములను, వ్యాసములను దానియందే టైపు చేయించి భద్రపరచితిమి. అచ్చునకు పంపవలసిన వారములో ఆ పుటలను తెరువబోగా కొన్ని తెరచుకొనలేదు. తెరచుకొన్న వానియందు అక్షరములు తారుమారై యుండెను. మరునాడు యంత్రమే మేల్కొనలేదు.

తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తలవంచుకొని వచ్చి జరిగినది మాకు విన్నవించెను. యంత్రము మందకొడిగా నున్నదని తలచి, సెకనుకు 2400 మిలియన్ల మార్లు సమాచారమును అందించుటకై తయారైన మెమరీ పలకను అతడు 3200 వేగమున నడుచునట్లు అమర్చెను. దానికి చాలునట్లు విద్యుత్పీడనమును 1.2 వోల్టుల నుండి 1.35 వోల్టులకు పెంచెను. దీనినే ఓవర్‌క్లాకింగ్ అందురు. రెండు దినములు యంత్రము పరుగెత్తెను. మూడవ దినమున పడిపోయెను. తాను తాకినది మెమరీని మాత్రమే ననియు, ప్రాసెసరు జోలికి పోనేలేదనియు, ఐనను ప్రాసెసరు ఏల మొరాయించినదో తెలియకున్నదనియు అతడు వాపోయెను.

మేము తెలుగు పండితులము. పొరుగు రాష్ట్రమగు ఆంధ్రప్రదేశమున శిక్షణ పొందినవారము. యతిప్రాసల సంగతి అడిగినచో చెప్పగలము గాని, ఈ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. మన పాఠశాలలోనే చదివి, నేడు ఈ ఎలక్ట్రానిక్ సిటీలోనే ఒక కంపెనీలో పనిచేయుచున్న పూర్వ విద్యార్థిని పిలిపించితిమి. అతడు యంత్రమును విప్పి, లోపలనున్న నాణెమువంటి బ్యాటరీని తీసి, కొంతసేపటికి మరల పెట్టెను. మార్చిన అమరికలన్నియు చెరిగిపోయి, యంత్రము తన సహజవేగమున మేల్కొనెను. చెడిన పుటలను మేమందరము కూర్చుండి మరల టైపు చేసితిమి.

అంతటితో ఆ పని ముగిసెను గాని, ఆ బాలుని ప్రశ్న మమ్ము విడువలేదు. మెమరీకిని ప్రాసెసరుకును గల సంబంధమేమి? ఒకదానిని తొందరపెట్టినచో రెండవది ఏల బాధపడవలెను? ఆ సంబంధము ఎక్కడ మొదలైనదని వెదకుచు పోగా, మేము ఒక మహామేధావి జీవితకథ యొద్దకు చేరితిమి. ఆ కథను మీకు చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

బాల్యము – విద్యాభ్యాసము

జాన్ వాన్ న్యూమన్ 1903వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన హంగరీ దేశపు రాజధానియగు బుడాపెస్టు నగరమున జన్మించెను. ఇంట పెట్టిన పేరు యానోష్. తండ్రి మాక్స్ న్యూమన్ బ్యాంకు వ్యవహారములలో ఆరితేరినవాడు, తల్లి మార్గిట్. వారిది కలిగిన యూదుకుటుంబము. మువ్వురు కుమారులలో యానోష్ పెద్దవాడు. 1913లో తండ్రికి ప్రభువులనుండి గౌరవబిరుదు లభించెను. ఆ బిరుదమే కుమారుని పేరులో వాన్ అను శబ్దముగా నిలిచినది.

ఆరేండ్ల ప్రాయముననే ఎనిమిదంకెల సంఖ్యలను మనసులోనే భాగించెడివాడనియు, తండ్రితో ప్రాచీన గ్రీకుభాషలో పరిహాసమాడెడివాడనియు చెప్పుదురు. ఒకసారి చదివిన పుటను మరల చూడకయే ఒప్పజెప్పగలిగెడివాడు. మన అష్టావధానులు, శతావధానులు ధారణాబలమున సభలను మెప్పించుట మీరు ఎరిగినదే. అటువంటి ధారణతోపాటు, ధరించిన దానితో తత్‌క్షణమే లెక్క కట్టగల వేగము కూడ ఆ బాలునికి పుట్టుకతో అబ్బినది. జ్ఞాపకము, గణనము అను ఈ రెండు శక్తుల పేర్లను మీరు గుర్తుంచుకొనుడు. ఈ కథలో అవి మరల వచ్చును.

1914లో ఆయన బుడాపెస్టులోని లూథరన్ ఉన్నత పాఠశాలలో చేరెను. అచ్చట లాస్లో రాట్జ్ అను గణితోపాధ్యాయుడుండెను. ఉన్నత పాఠశాల విద్యార్థులకై వెలువడు గణితపత్రికకు ఆయన 1896 నుండి 1914 వరకు సంపాదకుడుగా నుండెను. ఈ బాలుని ప్రజ్ఞ తాను నేర్పగలిగిన దానికి మించినదని రాట్జ్ కొలదికాలములోనే గ్రహించెను. గ్రహించి ఊరకుండలేదు, తండ్రియొద్దకు పోయి చెప్పి, విశ్వవిద్యాలయ పండితులచేత ప్రత్యేకముగా పాఠము చెప్పించుటకు ఏర్పాటు గావించెను. అట్లు పాఠము చెప్పవచ్చిన గాబోర్ సెగో అను యువ గణితజ్ఞుడు మొదటినాడు బాలుని ప్రతిభను చూచి కన్నీటితో ఇల్లు చేరెనని ఆయన భార్య తరువాత చెప్పెను.

అదే పాఠశాలలో ఒక తరగతి ముందు చదివిన యూజీన్ విగ్నర్ 1963లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి నందెను. వృద్ధాప్యమున కూడ ఆయన తన గదిలో రాట్జ్‌గారి చిత్రపటము నుంచుకొనెను. ఈ విషయము చదివినపుడు ఉపాధ్యాయులమగు మాకు కలిగిన సంతోషమును దాచుకొనజాలము.

ఇక్కడ మీకొక మాట చెప్పవలసియున్నది. ఈ పాఠశాలలు హంగేరియను భాషలో విద్య నేర్పునవి. ఆ భాష పెద్దది కాదు. చుట్టుప్రక్కల దేశముల భాషలతో దానికి చుట్టరికమును లేదు. ఆ భాషలో చదివిన బాలుడు పిమ్మట జర్మను భాషలో గ్రంథములు రచించెను. ఆంగ్లములో ప్రపంచమునకు పాఠములు చెప్పెను. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, కంపెనీల ద్వారముల యొద్ద ఆంగ్లము వినుచు పెరుగుచున్న మీలో కొందరు, తెలుగు మాధ్యమమున చదివినవారికి యంత్రవిద్య అందదని నిరుత్సాహపడుట మేము చూచియున్నాము. మాతృభాషలో గట్టిగా పడిన పునాది మీద ఎన్ని అంతస్తులైనను కట్టవచ్చునని ఆ బుడాపెస్టు పాఠశాల చరిత్రయే చెప్పుచున్నది.

దేశాంతరములు

హంగరీ దేశమున 1920లో యూదుల విశ్వవిద్యాలయ ప్రవేశమునకు పరిమితి విధించు శాసనము వచ్చెను. గణితము చదివినచో జీవనము గడవదని తండ్రి భయపడెను. కావున కుమారుడు రసాయన ఇంజనీరింగు చదువుటకు ఒప్పుకొని, మొదట బెర్లినునందును, తరువాత స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నందును విద్య నభ్యసించెను. గణితమును మాత్రము విడువలేదు. 1926లో జ్యూరిచ్‌లో ఇంజనీరింగు పట్టమును, బుడాపెస్టులో గణితశాస్త్ర డాక్టరు పట్టమును ఆయన పొందెను.

పిమ్మట జర్మనీలోని గటింగెన్ నగరమున డేవిడ్ హిల్బర్ట్ అను గణితాచార్యుని యొద్ద పనిచేసెను. 1928లో ఆటలయందలి ఎత్తుపైయెత్తులను గూర్చి ఒక ప్రసిద్ధ సిద్ధాంతమును నిరూపించెను. 1932లో క్వాంటం భౌతికశాస్త్రమునకు గణితపు పునాదులను సమకూర్చు గ్రంథమును జర్మను భాషలో ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యేండ్లైనను నిండలేదు.

1929లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు ఆహ్వానము వచ్చెను. 1933లో అచ్చటి ఉన్నత విద్యాపరిశోధన సంస్థలో ఐన్‌స్టీను మొదలగువారితోపాటు తొలి ఆచార్యులలో ఒకడాయెను. ఆ సంవత్సరమే హిట్లరు జర్మనీలో అధికారమునకు వచ్చుటచే ఐరోపాకు తిరిగిపోవు దారి మూసుకొనిపోయెను. 1937లో ఆయన అమెరికా పౌరుడయ్యెను. మొదటి భార్య మారియెట్. వారికి 1935లో మరీనా అను కుమార్తె జన్మించెను. ఆ వివాహము 1937లో విచ్ఛిన్నము కాగా, మరుసటి యేడు క్లారా డాన్ అను ఆమెను పెండ్లాడెను. ఈ క్లారా తరువాత తొలితరపు కంప్యూటరు ప్రోగ్రాములను వ్రాసినవారిలో నొకతెగా పేరొందెను.

ఆయన స్వభావము ఉల్లాసకరమైనది. విందులన్నను, వినోదములన్నను, కొత్త కార్లన్నను మిక్కిలి ఇష్టము. కారును మాత్రము పరధ్యానముగా నడపి పలుమార్లు ప్రమాదములపాలయ్యెను.

యుద్ధము – యంత్రము

రెండవ ప్రపంచ యుద్ధమున ఆయన అణ్వస్త్ర నిర్మాణములో పాల్గొనెను. లోహగోళమును నలుదిక్కులనుండి ఒక్క క్షణమున సమముగా నొక్కు పేలుడు ఏ విధముగా నుండవలెనో గణితముచే తేల్చుట ఆయన వంతయ్యెను. 1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకి నగరముపై పడిన బాంబు ఆ పద్ధతిచే నిర్మింపబడినదే. బాంబు వేయదగిన నగరములను ఎంచిన సంఘములో కూడ ఆయన సభ్యుడు. మహాపురుషుల చరిత్రలు వ్రాయునపుడు ఇట్టి భాగములను దాటవేయుట వాడుక. మేము దాటవేయదలచుకొనలేదు. మేధ గొప్పదైనంత మాత్రమున దాని ఫలములన్నియు తీయనివి కావు.

ఈ గణనములు చేతితో తేలునవి కావు. 1944 వేసవిలో అబర్డీను రైలుస్టేషనులో ఆయనకు హెర్మన్ గోల్డ్‌స్టైన్ అను సైనికోద్యోగి కనబడెను. ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అను విద్యుద్గణక యంత్రము తయారగుచున్నదని అతని మాటలవలన తెలిసెను. దానిని నిర్మించుచున్నవారు ప్రెస్పర్ ఎకర్ట్, జాన్ మోక్లీ అను ఇరువురు.

ఎనియాక్ 30 టన్నుల బరువు గలది. అందు సుమారు 18,000 వాక్యూము గొట్టములుండెను. లెక్క వేయుటలో మహావేగము గలది, జ్ఞాపకమో, అత్యల్పము. పదేసి అంకెల సంఖ్యలు ఇరువది మాత్రమే అది తనలో నిలుపుకొనగలదు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి యుండెను. ఒక లెక్క ముగిసి వేరొక లెక్క ప్రారంభింపవలెనన్నచో తీగలనన్నిటిని ఊడబెరికి కొత్తగా కలుపవలెను. ఆ పనికే దినములు పట్టెడిది.

దీనికి విరుగుడేమని ఎకర్ట్, మోక్లీలు అప్పటికే ఆలోచించుచుండిరి. వాన్ న్యూమన్ వారితో కూడి చర్చించి, ఆ ఆలోచనలను తన తర్కబలముచే ఒక క్రమమున నిలిపి, 1945 జూనులో 101 పుటల నివేదికను వ్రాసెను. దాని సారమిది: యంత్రమునకు లెక్కచేయు అంగమొకటి, ఆజ్ఞల నమలుపరచు అంగమొకటి, జ్ఞాపకముంచుకొను అంగమొకటి వేరువేరుగా నుండవలెను. అంకెలను మాత్రమే గాక, ఏమి చేయవలెనను ఆజ్ఞలను సైతము జ్ఞాపకమునందే వ్రాసియుంచవలెను. అట్లైనచో తీగలు మార్చనక్కరలేదు. జ్ఞాపకమును మార్చిన చాలును. మానవశరీరపు మాటలైన అంగము, జ్ఞాపకము, నాడీకణము మొదలగువానిని ఆయన ఆ నివేదికలో యంత్రమునకు వాడెను. నేడు మనము మెమరీ అని పలుకు మాట వెనుక ఈ పోలిక కలదు.

ఆ నివేదికపై ఒక్క వాన్ న్యూమన్ పేరే అచ్చయి అందరికిని చేరెను. ఎకర్ట్, మోక్లీలు తమ శ్రమ పరుని ఖాతాలో జమయైనదని జీవితాంతము బాధపడిరి. అది అసంపూర్ణమైన చిత్తుప్రతి యనియు, దానిని పంచినవాడు గోల్డ్‌స్టైన్ అనియు ఆయన పక్షమువారు చెప్పుదురు. ఐనను, నేటికిని ఆ నిర్మాణక్రమమునకు వాన్ న్యూమన్ పేరే స్థిరపడినది. పదిమంది కూడి చేసిన పనికి ఒకరి పేరు పెట్టునపుడు మిగిలిన తొమ్మండుగురి మనసులు ఏమగునో మీరు ఆలోచింపవలెను.

ప్రిన్స్‌టన్ యంత్రము

యుద్ధానంతరము ఆయన తన సంస్థలోనే ఒక కంప్యూటరును నిర్మింప పూనుకొనెను. జూలియన్ బిగెలో అను ఇంజనీరు ఆ పనికి నాయకుడయ్యెను. 1946లో బర్క్స్, గోల్డ్‌స్టైన్‌లతో కలిసి ఆయన వ్రాసిన మరియొక నివేదికలో మన ప్రశ్నకు మూలమైన విషయమున్నది. జ్ఞాపకము విశాలముగాను, వేగవంతముగాను ఉండవలెనని అందరికిని కోరికయే. కాని ఆ రెండును ఒకచోట దొరకవు. కావున జ్ఞాపకమును మెట్లుమెట్లుగా అమర్చవలెను. ప్రాసెసరుకు చేరువనున్నది చిన్నది, చురుకైనది. దూరమైనకొలది పెద్దది, నెమ్మదియైనది. నేటి యంత్రములలో క్యాషె, ర్యామ్, డిస్క్ అను వరుస ఈ మెట్ల వరుసయే.

ప్రిన్స్‌టన్ యంత్రము 1952లో లాంఛనముగా ప్రారంభింపబడెను. దాని జ్ఞాపకము టెలివిజను తెరవంటి 40 గొట్టములలో నుండెడిది. ఒక్కొక్క గొట్టపు ముఖముపై 1024 విద్యుద్బిందువులు. మొత్తము నేటి లెక్కలో 5120 బైట్లు. తెలుగు లిపిలో ఒక్కొక్క అక్షరచిహ్నమునకు నేటి కంప్యూటరు మూడు బైట్లు వెచ్చించును. ఆ లెక్కను, మీ చేతిలోని ఈ పత్రికలో ఒక పుట పట్టుటయే ఆ మహాయంత్రమునకు ఎక్కువ. అంత చిన్న జ్ఞాపకముతోనే వాతావరణ గణనములు సాగినవి. ఉదజని బాంబు లెక్కలును సాగినవి.

ఆ గొట్టములలోని బిందువులు తమంతట నిలుచునవి కావు. క్షణక్షణమును వానిని మరల వ్రాయుచుండవలెను. ఒక బిందువును మరీ తరచుగా చదివినచో ప్రక్కబిందువులు చెదరిపోయెడివి. కావున ఎంత త్వరగా చదువవచ్చునో, ఎంతసేపటికి ఒకసారి విశ్రాంతి నీయవలెనో ఇంజనీర్లు ఓర్పుతో కొలుచుకొనవలసి వచ్చెను. ఆ యంత్రమునకు అన్ని భాగములను ఒకే తాళమున నడపించు కేంద్ర గడియారము లేదు. ఒక అంగము తన పని ముగిసినదని తెలిపిన పిమ్మటనే రెండవ అంగము కదలెడిది.

ఈ యంత్రపు నమూనాలను ఆయన దాచుకొనలేదు, అడిగినవారికెల్ల అందజేసెను. అందుచే దేశదేశములందు దానిని పోలిన యంత్రములు వెలసెను. వానిలో నొకదానికి ఆయన పేరుమీదుగానే జానియాక్ అని పేరిడిరి. మన దేశమున హోమీ భాభా స్థాపించిన టాటా మౌలిక పరిశోధన సంస్థ బొంబాయిలో నిర్మించి 1960లో నెలకొల్పిన టిఫ్రాక్ సైతము ప్రిన్స్‌టన్ యంత్రపు క్రమమునే అనుసరించినది. ఆర్. నరసింహన్ నాయకత్వమున మన ఇంజనీర్లే దానిని కట్టిరి. నెహ్రూగారు దానికి ఆ పేరు పెట్టిరి. పిమ్మట 1978లో కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల భూములలో 332 ఎకరములయందు కెయోనిక్స్ సంస్థ ఈ ఎలక్ట్రానిక్ సిటీని స్థాపించుటకు ఆద్యుడు ఆర్. కె. బాళిగా. నేడు మన పాఠశాల చుట్టును గల కార్యాలయములలో పనిచేయు కంప్యూటర్లన్నియు దాదాపుగా ఆ పాత క్రమమునకు వారసులే.

బాలుని ప్రశ్నకు సమాధానము

ఇప్పుడు మన విద్యార్థి ప్రశ్నకు వత్తము. జ్ఞాపకము వేరు, గణనము వేరు అని విడదీయుటచే మేలు కలిగెను, చిక్కును కలిగెను. ప్రాసెసరు ఎంత వేగముగా లెక్క కట్టినను, కావలసిన అంకె మెమరీనుండి వచ్చువరకు ఎదురుచూడక తప్పదు. రెంటి నడుమనున్న ఈ ఇరుకుదారిని జాన్ బాకస్ అను శాస్త్రజ్ఞుడు 1977లో వాన్ న్యూమన్ పేరుతోనే సీసామెడ యని వర్ణించెను. బానలో నూనె ఎంత యున్నను మెడ సన్ననిదైనచో ధార సన్ననిదే గదా. ఆ ధారను పెంచవలెనను కోరికయే మెమరీ ఓవర్‌క్లాకింగునకు మూలము. కోరికలో తప్పు లేదు. మెమరీ త్వరపడినచో ప్రాసెసరు ఎదురుచూచు కాలము తగ్గును.

ఐతే ఒక విశేషము కలదు. మెమరీని నడపించు కంట్రోలరు అను భాగము పూర్వము మదర్‌బోర్డు మీద వేరొక చిప్పులో నుండెడిది. 2003లో ఎఎండి కంపెనీవారు తమ కొత్త ప్రాసెసర్లలో దానిని ప్రాసెసరు లోపలికే చేర్చిరి. 2008లో ఇంటెల్ కంపెనీవారును కోర్ ఐ7 తో అట్లే చేసిరి. ఆ నాటినుండి మెమరీ వేగమును పెంచుటయనగా, ప్రాసెసరులోని ఒక అంగమునకే పని పెంచుట. మన బాలుడు ప్రాసెసరును తాకలేదని తలచెను గాని, తెలియకయే తాకెను.

నేటి మెమరీలో ఒక్కొక్క బిందువు విద్యుత్తును నిలుపుకొను మిక్కిలి చిన్న పాత్రవంటిది. అదియును కారిపోవునదే. సాధారణముగా సెకనులో వేయింట 64 వంతుల కాలములో ప్రతి పాత్రను ఒకసారి నింపుచుండవలెను. అడ్డువరుసను ఎన్నుకొనుటకు కొంత, నిలువువరుసను చదువుటకు కొంత వ్యవధి కావలెను. వేగమును పెంచినకొలది ఆ వ్యవధి కుదించుకొనిపోవును. సంకేతము స్థిరపడకమునుపే కంట్రోలరు చదివినచో ఒకటి సున్నయగును, సున్న ఒకటియగును. మన పత్రికలో అక్షరములు తారుమారైనది ఇందుచేతనే.

ఈ తప్పులను ఆపుటకు వోల్టేజిని పెంచుదురు. వోల్టేజి పెరిగినచో ఉష్ణము దాని వర్గమును అనుసరించి పెరుగును. 1.2 నుండి 1.35 వోల్టులకు పోవుటయనగా, వేగము మారకున్నను మెమరీలో వ్యయమగు శక్తి నాలుగవవంతుకు మించి హెచ్చుట. ఇది మెమరీ మాట. మనము అడుగకున్నను, కొన్ని మదర్‌బోర్డులు ప్రాసెసరులోని కంట్రోలరుకు సైతము తమంతట తామే వోల్టేజిని హెచ్చించును. 2023లో ఎఎండి రైజెన్ 7000 వర్గపు ప్రాసెసర్లు కొన్ని ఇట్లు మెమరీ వేగమును పెంచు అమరికను ఎంచుకొన్నపుడు వోల్టేజి మితిమీరి కాలిపోయెను. అంతట ఆ వోల్టేజి 1.3 వోల్టులను మించకుండునట్లు మదర్‌బోర్డుల సాఫ్టువేరును ఆ కంపెనీవారు సవరించిరి. తత్‌క్షణము కాలకున్నను, హెచ్చు వోల్టేజిలో నిత్యము నడచు చిప్పు ఆయువు తరుగును.

తప్పులు చేయు భాగములతో తప్పు చేయని యంత్రమును కట్టుట సాధ్యమా యను ప్రశ్నను వాన్ న్యూమన్ స్వయముగా విచారించెను. 1952లో కాలిఫోర్నియాలో ఆయన ఇచ్చిన ఉపన్యాసములు ఆ విషయమునకు సంబంధించినవే. ఒకే పనిని అనేక భాగములచేత చేయించి, ఎక్కువ భాగములు చెప్పిన సమాధానమును గ్రహించుట ఆయన చూపిన మార్గము. ఐదుగురు కూర్చుండి తీర్పు చెప్పు పంచాయతీ వంటిది అది. ఐతే దానికొక హద్దు గలదు. ఒక్కొక్క భాగము తప్పుచేయు అవకాశము కొంత పరిమితికి లోబడియుండవలెను. ఆ పరిమితి దాటినచో ఎన్ని భాగములను కూర్చినను తీర్పు నమ్మదగినది కాదు. 1950లో రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు తప్పులను తామే దిద్దుకొను సంకేతముల పద్ధతిని ప్రకటించెను. పెద్ద కంపెనీల సర్వర్లలో అట్టి దిద్దుబాటుగల మెమరీని వాడుదురు. మన పాఠశాల యంత్రమున అది లేదు.

అంత్యకాలము

1955లో ఆయన అమెరికా అణుశక్తి సంఘమున సభ్యుడుగా నియమింపబడెను. ఆ సంవత్సరముననే కాన్సరు వ్యాధి బయటపడెను. యేల్ విశ్వవిద్యాలయమువారు ఆయనను ఉపన్యాసములకై ఆహ్వానించియుండిరి. కంప్యూటరును మానవుని మెదడును పోల్చి చెప్పవలెనని ఆయన సంకల్పించి వ్రాయ మొదలుపెట్టెను. మెదడులోని కణములు యంత్రభాగములకంటె ఎంతో నెమ్మదియైనవి. ఐనను కోట్లకొలది కణములు ఏకకాలమున పనిచేయుటచే మెదడు తన పని నెరవేర్చుకొనుచున్నది. వేగమొక్కటే శక్తి కాదని ఆ పోలికలో ఆయన కనుగొనెను. కాని వ్యాధి ఆ రచనను ముగియనీయలేదు. ఉపన్యాసములు జరుగలేదు. అసంపూర్ణముగానే ఆ గ్రంథము 1958లో, ఆయన మరణానంతరము, భార్య క్లారా పీఠికతో వెలువడెను.

1956 ఫిబ్రవరిలో చక్రముల కుర్చీలో కూర్చుండియే ఆయన రాష్ట్రపతి ఐసెన్‌హోవరు చేతిమీదుగా దేశపు గౌరవపతకమును స్వీకరించెను. కడపటి నెలలు వాషింగ్టనులోని వాల్టర్ రీడ్ సైనిక వైద్యశాలలో గడచెను. మరణమును తలచి ఆయన మిక్కిలి భయపడెను. తన మనస్సు తనకు లోబడక జారిపోవుచుండుట ఆయనకు అన్నిటికంటె దుస్సహమయ్యెను. ఒకనాడు కుమార్తె మరీనాను చేరబిలిచి, ఏడును నాలుగును కలిపిన ఎంత యన్నటువంటి చిన్న కూడికలను తన్ను అడుగుమనెను. ఆరేండ్ల ప్రాయమున ఎనిమిదంకెల సంఖ్యలను భాగించినవాడు ఆయన. ఆ కుమార్తె కొన్ని లెక్కలడిగి, ఇక చూడలేక గదినుండి వెలుపలికి వచ్చెను.

1957వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన, 53 ఏండ్ల వయస్సున జాన్ వాన్ న్యూమన్ మరణించెను.

విద్యార్థులారా! ఈ చరిత్రను వ్రాయుటలో మా తాత్పర్యము యంత్రములను తాకవలదని మిమ్ము బెదిరించుట కాదు. తాకనివారు నేర్వరు. కాని తాకబోవు వస్తువు ఏ వస్తువుతో ముడిపడియున్నదో మొదట విచారింపుడు. దాని కొలత ఏమని ముద్రించియున్నదో చదువుడు. పరులు నమ్మి దాచుకొన్న పనిని వేరొకచోట భద్రపరచిన పిమ్మటనే ప్రయోగము చేయుడు. ప్రయోగము వికటించినచో, మన విద్యార్థివలె వచ్చి నిజము చెప్పుడు. అతడు చెప్పియుండనిచో ఆ పలకలు ఇంకెంతకాలము వేడెక్కియుండెడివో, ఇంకెన్ని పుటలు చెడియుండెడివో మేము ఊహింపజాలము.

ఈ వ్యాసమును టైపు చేసినవాడు ఆ విద్యార్థియే. ఇప్పుడు పదవ తరగతి చదువుచున్నాడు. మెమరీ 2400 వేగముననే నడచుచున్నది. పత్రికలోని పుటలనన్నిటిని అతడు మూడుచోట్ల భద్రపరచినాడు.